వాలీన్‌ను తయారుచేసే బాక్టీరియా: గోదావరి డెల్టా పాఠకులు తరచుగా అడిగే ప్రశ్నలు

డెల్టాలోని ఒక డిగ్రీ కళాశాలలో జీవరసాయనశాస్త్రం బోధిస్తున్నాను. కోళ్ల దాణా ఫార్ములాలో ‘ఎల్-వాలీన్’ అనే పేరు చూసిన రైతులూ, సూక్ష్మజీవుల జీవక్రియా ఇంజనీరింగ్ (కణం లోపలి రసాయన దారులను మనకు కావలసినట్టు మార్చడం) గురించి పాఠంలో ఒక్క పేరా మాత్రమే చదివిన విద్యార్థులూ సంవత్సరాలుగా నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలను ఇక్కడ చేర్చాను. కొన్నింటికి నాలుగు మాటలు చాలు. కొన్నింటికి మాత్రం కణం లోపలి లెక్కలు విప్పి చూపక తప్పదు.

కొమ్మల గొలుసు అమైనో ఆమ్లాలు అంటే ఏమిటి?

ప్రోటీన్లను కూర్చే 20 అమైనో ఆమ్లాలలో వాలీన్, లూసీన్, ఐసోలూసీన్ అనే మూడింటికి ఈ పేరు. వీటి పక్క గొలుసు కొబ్బరిచెట్టులా నిటారుగా పోకుండా, మధ్యలో ఒక కార్బన్ దగ్గర మామిడి కొమ్మలా రెండుగా చీలుతుంది. వాలీన్‌లో ఐదు కార్బన్లు ఉంటాయి, మిగిలిన రెండింటిలో ఆరేసి ఉంటాయి. 1901లో ఎమిల్ ఫిషర్ పాలలోని కేసీన్ నుంచి వాలీన్‌ను వేరుచేశారు. ఐసోలూసీన్‌ను ఫెలిక్స్ ఎర్లిక్ బీట్ చక్కెర మొలాసిస్‌లో కనుగొన్నారు. ఈ అమైనో ఆమ్లాలకూ చక్కెర మడ్డికీ సంబంధం అంత పాతది.

వీటిని మన శరీరం ఎందుకు తయారుచేసుకోలేదు?

తయారుచేసే ఎంజైములు మనకు లేవు. మనుషులకు మాత్రమే కాదు, కోడికి, చేపకు, రొయ్యకు కూడా లేవు. మొక్కలు, బాక్టీరియా, శిలీంధ్రాలు మాత్రమే వీటిని తమంతట తాము కూర్చుకోగలవు. అందుకే వీటిని ఆవశ్యక అమైనో ఆమ్లాలంటారు, అంటే ఆహారంలో అందవలసినవి.

ఈ తేడా డెల్టా రైతుకు తెలియకుండానే బాగా తెలిసినది. వరిలో ఊద, తుంగ వంటి కలుపు మీద కొట్టే బిస్పైరిబాక్ సోడియం, పైరజోసల్ఫ్యూరాన్ ఇథైల్ వంటి మందులు మొక్కలోని ఎసిటోహైడ్రాక్సీ ఆమ్ల సింథేజ్ అనే ఎంజైమును పనిచేయనివ్వవు. ఆ ఎంజైము ఆగితే మొక్కకు వాలీన్, లూసీన్, ఐసోలూసీన్ మూడూ అందక, కొత్త కణాలు పుట్టక, లేత ఆకు నుంచి మొదలై కలుపు చస్తుంది. బాక్టీరియా చేత వాలీన్ తయారుచేయించేవారు మొట్టమొదట చేయి వేసేది కూడా సరిగ్గా ఈ ఎంజైము మీదనే. పొలంలో దానిని ఆపుతాము, ట్యాంకులో దానిని పెంచుతాము. తరగతిలో ఈ పాఠం ఎప్పుడూ కలుపుమందు డబ్బాతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అక్కడి నుంచి మొదలుపెడితే మా విద్యార్థులకు ఎంజైము పేరు మళ్లీ చెప్పవలసిన పని ఉండదు.

కోళ్లకు, రొయ్యలకు వాలీన్‌ను విడిగా ఎందుకు కలపాలి? సోయా చెక్కలో లేదా?

ఉంది. అయితే సోయా చెక్కతో వాలీన్ లోటు పూడ్చాలంటే, అవసరం లేని ఇతర అమైనో ఆమ్లాలను కూడా కొని తినిపించవలసి వస్తుంది. మొక్కజొన్న, సోయా మీద ఆధారపడే బ్రాయిలర్ దాణాలో మొదట మెథియోనిన్, తర్వాత లైసిన్, ఆ తర్వాత థ్రియోనిన్ కొరత పడతాయి. ఈ మూడింటినీ పొడి రూపంలో కలిపితే, ఆ తర్వాత సాధారణంగా వాలీన్ దగ్గర పెరుగుదల ఆగుతుంది. దానిని కూడా కలిపితే దాణాలో మొత్తం ప్రోటీన్ శాతం తగ్గించుకోవచ్చు. వాడుకోలేని అమైనో ఆమ్లాల నత్రజని చివరికి కోడి రెట్టలోకి, షెడ్డులో అమ్మోనియా వాసనలోకి పోతుంది కనుక, ఆ తగ్గింపు వల్ల ఖర్చుతో పాటు అమ్మోనియా కూడా తగ్గుతుంది. రొయ్యల చెరువులోనూ తర్కం ఇదే: మేతలో వృథాగా పోయిన ప్రోటీన్ నీటిలో అమ్మోనియా అవుతుంది.

ఇక్కడ ఒక చిక్కు చెప్పాలి. వాలీన్, లూసీన్, ఐసోలూసీన్ మూడింటినీ విరగ్గొట్టే ఎంజైముల వ్యవస్థ శరీరంలో ఒక్కటే. మొక్కజొన్నలో లూసీన్ ఎక్కువ. లూసీన్ మితిమీరితే ఆ వ్యవస్థ చురుకై, దానితో పాటు వాలీన్‌ను, ఐసోలూసీన్‌ను కూడా కాల్చేస్తుంది. అంటే లూసీన్ ఎక్కువగా ఉన్న దాణాలో వాలీన్ అవసరం పెరుగుతుంది. ఫార్ములా వేసేవారు విడి అంకెలు కాక ఈ మూడింటి మధ్య నిష్పత్తిని చూడటానికి కారణం ఇదే.

రసాయన పద్ధతిలో చౌకగా చేయలేరా?

చేయవచ్చు, కానీ రసాయన సంశ్లేషణలో ఎల్, డి అనే కుడిఎడమల జంట సమానంగా వస్తుంది. శరీరం ప్రోటీన్‌లో వాడుకునేది ఎల్ రూపాన్నే కనుక వేరుచేసే ఖర్చు మీద పడుతుంది. ప్రోటీన్లను ఆమ్లంలో ఉడికించి వేరుచేసే పాత పద్ధతి కూడా ఉంది, అందులో ఒకేలాంటి అమైనో ఆమ్లాలను విడదీయడం కష్టం. సూక్ష్మజీవి మాత్రం ఎల్ రూపాన్నే ఇస్తుంది.

ఈ పనికి ఏ సూక్ష్మజీవులను వాడుతున్నారు?

ప్రధానంగా రెండు. మొదటిది కొరినీబాక్టీరియం గ్లుటామికం. 1950ల మధ్యలో జపాన్‌లోని క్యోవా హక్కో సంస్థలో షుకువో కినోషితా బృందం, గ్లుటామేట్‌ను తన చుట్టూ ఉన్న ద్రవంలోకి వదిలే బాక్టీరియా కోసం వెదుకుతూ దీనిని మట్టి నుంచి వేరుచేసింది. మొదట మైక్రోకాకస్ గ్లుటామికస్ అని పిలిచారు. సూక్ష్మజీవులతో నడిచే అమైనో ఆమ్లాల పరిశ్రమ అంతా ఆ వెదుకులాటతోనే మొదలైంది. సుమారు 33 లక్షల అక్షరాలున్న దాని జన్యుసంపుటిని 2003లో ప్రచురించారు. ఆహారంలో, దాణాలో సురక్షితంగా వాడిన చరిత్ర దీనికి దీర్ఘంగా ఉంది.

రెండవది ఎషరీషియా కోలై. ఇది త్వరగా పెరుగుతుంది, దీని జన్యువులను మార్చే పనిముట్లు మరే బాక్టీరియాకూ లేనన్ని ఉన్నాయి. కానీ దీని పొరలో ఉండే, జ్వరం తెప్పించే ఎండోటాక్సిన్ అనే విషపదార్థాన్ని తుది ఉత్పత్తి నుంచి తొలగించడంలో, ముఖ్యంగా రక్తనాళంలోకి ఎక్కించే ద్రావణాలకు, చాలా జాగ్రత్త కావాలి.

కణంలో వాలీన్ ఏ దారిలో తయారవుతుంది?

ఒక గ్లూకోజు అణువు చీలి రెండు పైరువేట్ అణువులు అవుతుంది. ఎసిటోహైడ్రాక్సీ ఆమ్ల సింథేజ్ ఆ రెంటినీ కలిపి, ఒక కార్బన్ డయాక్సైడును వదిలి, ఎసిటోలాక్టేట్‌ను ఇస్తుంది. తర్వాతి ఎంజైము దానిని ఎన్ఏడీపీహెచ్ (ఎలక్ట్రాన్లను మోసి అందించే సహాయక అణువు) ఖర్చుతో క్షయకరణం చేసి, అంటే దానికి ఎలక్ట్రాన్లను చేర్చి, కార్బన్ల అమరికను మార్చి, గొలుసులో కొమ్మ వచ్చేలా చేస్తుంది. మూడవ ఎంజైము ఒక నీటి అణువును తీసివేసి కీటోఐసోవాలరేట్‌ను తయారుచేస్తుంది. నాలుగవది గ్లుటామేట్ నుంచి అమైనో సమూహాన్ని తెచ్చి అతికించగానే అది వాలీన్ అవుతుంది.

మొత్తం లెక్క ఇలా తేలుతుంది: ఒక గ్లూకోజు, ఒక అమ్మోనియా కలిసి ఒక వాలీన్, ఒక కార్బన్ డయాక్సైడు, రెండు నీటి అణువులు. బరువుల్లో చెబితే 180 గ్రాముల గ్లూకోజుకు 117 గ్రాముల వాలీన్, అంటే గ్రాముకు 0.65 గ్రాము. ప్రకృతి ఇంతకు మించి ఇవ్వనివ్వదు. ఇక్కడి నుంచి ఈ పేజీలో ఏ అంకె చెప్పినా దీనితో పోల్చి చూడండి.

మామూలు బాక్టీరియా వాలీన్‌ను ఎందుకు ఎక్కువగా చేయదు?

దానికి అవసరం లేదు గనుక. అది తన ప్రోటీన్లకు చాలినంత చేసుకుని ఆపుకుంటుంది, ఆ ఆపుకునే ఏర్పాట్లు ఒకటి కాదు, రెండంచెలుగా ఉంటాయి. మొదటిది ఎంజైము స్థాయిలో: తయారైన వాలీన్ తిరిగి వచ్చి మొదటి ఎంజైములోని నియంత్రణ ఉపభాగానికి అతుక్కుని దానిని మందగింపజేస్తుంది. కొరినీబాక్టీరియంలో ఈ ఎంజైము ఒక్కటే ఉంటుంది, దానిని మూడు అమైనో ఆమ్లాలూ నిరోధిస్తాయి. రెండవది జన్యు స్థాయిలో: మూడూ నిండుగా ఉన్నప్పుడు ఆ ఎంజైముల జన్యువుల అనులేఖనమే, అంటే వాటి నకలు తీసే పనే, మొదట్లోనే తెగిపోతుంది.

ఎ. కోలైలో మొదటి ఎంజైముకు మూడు రూపాలున్నాయి. ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే కే-12 రకంలో వాలీన్‌కు లొంగని రూపం జన్యువులోనే ఒక లోపం వల్ల పనిచేయదు, మిగిలిన రెండూ వాలీన్‌కు లొంగేవే. అందుచేత కే-12 పెరిగే ద్రవంలో వాలీన్ మాత్రమే వేస్తే, రెండు రూపాలూ ఆగిపోయి, అదే ఎంజైము మీద ఆధారపడిన ఐసోలూసీన్ అందక బాక్టీరియా పెరగడం మానేస్తుంది. ఏ పదార్థాన్ని లీటరుకు పదుల గ్రాముల లెక్కన చేయించాలనుకుంటున్నామో, అదే దానికి విషంలా పనిచేస్తుందన్నమాట. ఈ ఒక్క విషయం అర్థమైన విద్యార్థికి మిగతా కథ సగం అర్థమైనట్టే.

అయితే ఆ నిరోధాన్ని తీసేసి, జన్యువుల కాపీలు పెంచితే సరిపోతుంది కదా?

అందరూ అడిగే ప్రశ్న ఇది, అందరూ మొదట చేసే పొరపాటు కూడా ఇదే. సరిపోదు.

తొలినాటి పరిశ్రమ జన్యువును నేరుగా తాకకుండానే ఈ పని చేసింది. అతినీలలోహిత కిరణాలతో, రసాయనాలతో ఉత్పరివర్తనలు (జన్యువుల్లో గుడ్డిగా వచ్చే మార్పులు) కలిగించి, థయాజోల్ అలనైన్ వంటి, వాలీన్‌ను పోలిన నకిలీ అణువులు పోసినా బతికిన వాటిని ఏరేవారు. నకిలీకి లొంగనిది అసలుకూ లొంగదన్నది ఆ ఎంపిక వెనుక ఆలోచన. అలా ఎంచిన రకాలు బాగానే పండించాయి, కానీ జన్యుసంపుటిలో అక్కరలేని దెబ్బలు కూడా అనేకం మిగిలేవి. 1991లో జేమ్స్ బెయిలీ జీవక్రియా ఇంజనీరింగ్‌ను ఒక శాస్త్రంగా ప్రతిపాదించిన తర్వాత, కావలసిన చోటే కావలసిన మార్పు చేసే దారి బలపడింది. కొరినీబాక్టీరియంలో ఆ నియంత్రణ ఉపభాగంలో 20, 21, 22 స్థానాల్లోని మూడు అమైనో ఆమ్లాలు మార్చితే చాలు, ఎంజైము మూడింటిలో దేనికీ లొంగకుండా పోయింది.

ఇక అసలు కష్టం ఇక్కడి నుంచి మొదలవుతుంది. మన కాలువల్లో ధవళేశ్వరం దగ్గర హెడ్ స్లూయిస్ పూర్తిగా ఎత్తినంత మాత్రాన శివారు పొలానికి నీరు చేరదు. మధ్యలో తూములన్నీ తెరిచి ఉంటే ఎగువ వాళ్ల చేలు మునుగుతాయి, మన చేను ఎండుతుంది. కణంలో పైరువేట్ అలాంటి ప్రధాన కాలువ. దాని నుంచి ఒక పాయ ఎసిటైల్ కోఎంజైము-ఎ గుండా శక్తి చక్రంలోకి పోతుంది, ఒకటి లాక్టేట్ అవుతుంది, ఒకటి అలనైన్ అవుతుంది, ఇంకొకటి ఆక్సలోఎసిటేట్ వైపు మళ్లుతుంది. వాలీన్ దారిలోకి వచ్చిన తర్వాత కూడా, కీటోఐసోవాలరేట్ దగ్గర లూసీన్‌కు ఒక పాయ, పాంటోథెనేట్ అనే విటమిన్‌కు ఒక పాయ చీలిపోతాయి. ఐసోలూసీన్ కూడా ఇవే ఎంజైములను వాడుకుంటుంది కనుక అది వాలీన్‌కు పోటీ.

అందుచేత ఒక్కొక్క తూమును ఆలోచించి మూయాలి. ఐసోలూసీన్‌కు దారితీసే థ్రియోనిన్ డీహైడ్రేటేజ్‌ను తొలగిస్తే పోటీ తగ్గుతుంది, కానీ ఆ బాక్టీరియాకు ఇకపై ఐసోలూసీన్‌ను కొలిచి మనమే పోయాలి. పాంటోథెనేట్ దారి మూస్తే ఆ విటమిన్‌ను మనమే ఇవ్వాలి. ఎక్కువ ఇస్తే ఖర్చు, తక్కువ ఇస్తే పెరగదు. జర్మనీలోని ఉల్మ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు మరింత సాహసం చేసి, పైరువేట్‌ను శక్తి చక్రంలోకి పంపే పైరువేట్ డీహైడ్రోజినేజ్‌నే తొలగించారు. ఆ బాక్టీరియా గ్లూకోజు ఒక్కదాని మీద పెరగలేదు, ఎసిటేట్ కావాలి. ఎసిటేట్ ఉన్నంతసేపు పెరిగి, అది అయిపోగానే పెరుగుదల ఆపి, ఉన్న గ్లూకోజునంతా వాలీన్ వైపు మళ్లిస్తుంది. ఈ తరహా రకాలతో వారు లీటరుకు 48 గ్రాముల వరకు సాధించారు. పెరిగే కాలం వేరు, పండే కాలం వేరు అన్న ఈ ఆలోచన వరి పండించేవారికి కొత్తగా అనిపించదు.

కాలువ పోలిక ఒక చోట ఆగుతుంది. కాలువలో ఒక తూము మూస్తే ఆ నీరంతా తప్పక పక్కకు పోతుంది, లెక్క అక్కడితో సరి. కణంలో మాత్రం ఒక దారి మూస్తే మిగిలిన నియంత్రణలన్నీ కదులుతాయి. దక్షిణ కొరియాలోని కైస్ట్ సంస్థలో సాంగ్ యప్ లీ బృందం 2007లో ఎ. కోలై మీద చేసిన పనికి నేను విలువ ఇచ్చేది ఇందుకే. వారు నిరోధాలు తీసేసిన తర్వాత, ఏ జన్యువులు ఎంత చురుకుగా ఉన్నాయో మొత్తం కణంలో కొలిచారు. ఆ కొలతలను బట్టి ఎల్ఆర్‌పీ అనే నియంత్రకాన్ని, వాలీన్‌ను బయటకు పంపే ప్రోటీన్‌ను పెంచారు. ఆ తర్వాత ఏ జన్యువులను తొలగిస్తే దిగుబడి పెరుగుతుందో కంప్యూటర్ నమూనాలో ముందే లెక్కకట్టి తొలగించారు. చివరికి గ్రాము గ్లూకోజుకు 0.378 గ్రాము వాలీన్ వచ్చింది. పైన చెప్పిన 0.65తో పోల్చితే అది 58 శాతం.

ఎన్ఏడీపీహెచ్ గురించి పాఠాల్లో ఎందుకంత పట్టింపు?

వాలీన్ లెక్క అసలు ఇరుక్కునేది అక్కడే కనుక. ఒక వాలీన్ తయారీకి రెండు ఎన్ఏడీపీహెచ్ కావాలి: ఒకటి రెండవ మెట్టులో, ఇంకొకటి అమైనో సమూహాన్ని ఇచ్చే గ్లుటామేట్‌ను మళ్లీ నింపడానికి. కానీ గ్లూకోజు పైరువేట్‌గా చీలేటప్పుడు వచ్చేవి రెండు ఎన్ఏడీహెచ్‌లు, అంటే అదే పని చేసే మరో రకం ఎలక్ట్రాన్ వాహకాలు. సంఖ్య సరిపోయింది, నాణెం వేరు. జేబులో సరిపడా సొమ్ము ఉండి కూడా ఆ దుకాణంలో చెల్లకపోయినట్టు ఉంటుంది కణం పరిస్థితి.

దీనికి రెండు మార్గాలున్నాయి. ఒకటి, గ్లూకోజును పెంటోజ్ ఫాస్ఫేట్ దారి అనే పక్కదారి గుండా తిప్పి ఎన్ఏడీపీహెచ్‌ను ఎక్కువగా పుట్టించడం. ఉల్మ్ బృందం మామూలు దారిలోని ఫాస్ఫోగ్లూకోజ్ ఐసోమరేజ్ అనే ఎంజైమును తొలగించి చేసింది ఇదే. కానీ ఆ దారిలో అదనంగా కార్బన్ డయాక్సైడు పోతుంది, అంటే దిగుబడి కొంత కోల్పోక తప్పదు. రెండవది, ఎంజైముల అభిరుచినే మార్చడం. జపాన్‌లోని రైట్ సంస్థ పరిశోధకులు రెండవ మెట్టు ఎంజైమును ఎన్ఏడీహెచ్‌ను వాడుకునేలా మార్చారు. గ్లుటామేట్‌తో పని లేకుండా, ఎన్ఏడీహెచ్‌తోనే అమ్మోనియాను అతికించే లూసీన్ డీహైడ్రోజినేజ్‌ను మరో బాక్టీరియా నుంచి తెచ్చి పెట్టారు. దానితో పుట్టిన ఎన్ఏడీహెచ్ పుట్టినట్టే ఖర్చైపోతుంది కనుక, దానిని దహించడానికి ప్రాణవాయువు అవసరమే తప్పింది. ముందుగా గాలిలో దట్టంగా పెంచిన కణాలను, తర్వాత ప్రాణవాయువు లేకుండా ఉంచి, పెరగనివ్వకుండా, పని మాత్రమే చేయించారు. 2013లో వారు ప్రకటించిన ఫలితం 24 గంటల్లో 1,280 మిల్లీమోలార్, అంటే లీటరుకు సుమారు 150 గ్రాములు, ఒక గ్లూకోజు అణువుకు 0.88 వాలీన్ అణువు. అణువుల లెక్కలో గరిష్ఠం 1 అని గుర్తుంచుకుంటే ఇది ఎంత దగ్గరగా వచ్చిందో తెలుస్తుంది. జీవరసాయనశాస్త్రంలో నాకు అత్యంత ఇష్టమైన ఫలితాల్లో ఇది ఒకటి, ఎందుకంటే ఇందులో విజయం ఒక కొత్త జన్యువు వల్ల కాక, జమాఖర్చు సరిచేయడం వల్ల వచ్చింది.

తయారైన వాలీన్ కణం నుంచి బయటకు ఎలా వస్తుంది?

పొరలో దానికోసం ప్రత్యేక ప్రోటీన్లున్నాయి. కొరినీబాక్టీరియంలో వాటిని బీఆర్ఎన్-ఎఫ్ఈ అని, ఎ. కోలైలో వైజీఏ-జెడ్‌హెచ్ అని పిలుస్తారు. వీటిని పెంచకపోతే లోపల పేరుకున్న వాలీన్ తిరిగి నిరోధకంగా మారుతుంది.

మన నూకలు, మొలాసిస్, కర్రపెండలం పిండి ముడిసరుకుగా పనికివస్తాయా?

నూకలు బాగా పనికివస్తాయి. నూకల్లో మూడొంతుల బరువు పిండిపదార్థమే అనుకుందాం. వంద కిలోల నూకల్లో 75 కిలోల పిండిపదార్థాన్ని ఆల్ఫా అమైలేజ్‌తో పలుచబరచి, గ్లూకోఅమైలేజ్‌తో విడగొడితే, నీటి అణువులు చేరడం వల్ల బరువు పెరిగి సుమారు 83 కిలోల గ్లూకోజు వస్తుంది. సిద్ధాంతపరంగా దాని నుంచి 54 కిలోల వాలీన్ రావాలి, గ్రాముకు 0.378 చొప్పున వేస్తే 31 కిలోలు వస్తుంది. నిజమైన కర్మాగారంలో శుద్ధి చేసేటప్పుడు ఇంకొంత పోతుంది. కర్రపెండలం పిండికీ ఇదే లెక్క వర్తిస్తుంది.

మొలాసిస్ కథ కొంచెం వేరు. దానిలోని సుక్రోజ్‌ను కొరినీబాక్టీరియం తినగలదు, కానీ అందులో సగమైన ఫ్రక్టోజ్ దగ్గర ఒక ఇబ్బంది ఉంది. ఈ బాక్టీరియాకు ఫ్రక్టోజ్‌ను లోపలే వాడకానికి సిద్ధం చేసే ఫ్రక్టోకైనేజ్ అనే ఎంజైము లేదు. లోపల విడివడిన ఫ్రక్టోజ్ ఒకసారి బయటకు పోయి, మరో దారిలో తిరిగి లోపలికి రావాలి. అలా వచ్చినది పెంటోజ్ ఫాస్ఫేట్ దారిని దాటేసి దిగువన కలుస్తుంది కనుక ఎన్ఏడీపీహెచ్ తక్కువగా పుడుతుంది. పై ప్రశ్నలో చెప్పిన నాణెం సమస్య ఇక్కడ మరింత బిగుసుకుంటుంది. ఎ. కోలై కే-12 అసలు సుక్రోజ్‌ను తినలేదు, డబ్ల్యూ అనే రకం తినగలదు. మొలాసిస్‌లోని రంగు, లవణాలు చివర్లో శుద్ధిని కష్టం చేస్తాయి. దానిలో సహజంగా ఉండే బయోటిన్ మాత్రం లాభమే, ఎందుకంటే కొరినీబాక్టీరియం బయోటిన్‌ను తయారుచేసుకోలేదు.

పరిశోధన పత్రాల్లోని గొప్ప అంకెలు ఎక్కువగా స్వచ్ఛమైన గ్లూకోజు మీద వచ్చినవి. నూకల ద్రవం మీద అదే బాక్టీరియా అంతే ఇస్తుందని ముందే లెక్క వేసుకోవద్దని నా సలహా.

పెద్ద ట్యాంకులో ఏ సమస్యలు వస్తాయి?

వనామీ రొయ్యలు పెంచేవారికి ఇందులో సగం చెప్పనక్కరలేదు. తెల్లవారుజామున చెరువులో డీఓ (నీటిలో కరిగిన ప్రాణవాయువు) పడిపోతుందేమోనని ఏరియేటర్లు తిప్పుకుంటూ మేల్కొని ఉండేది వారే. 30 డిగ్రీల వద్ద గాలితో సమతుల్యంగా ఉన్న మంచినీటిలో కరిగే ప్రాణవాయువు లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములు మాత్రమే. దట్టంగా పెరిగిన బాక్టీరియా దానిని కొద్ది సెకన్లలో తాగేస్తుంది. అందుకే గాలిని ఆగకుండా ఊదుతూ, తెడ్లతో గట్టిగా కలియబెడుతూ ఉండాలి. ట్యాంకు పెద్దదయ్యేకొద్దీ అడుగున ఒక రకంగా, పైన ఒక రకంగా ప్రాణవాయువు ఉంటుంది.

ఒకసారి మా ప్రయోగశాలలో రాత్రి తుఫాను గాలికి కరెంటు పోయి, ఫ్లాస్కులకు గాలి అందేలా కుదిపే షేకర్ ఆగిపోయింది. పొద్దున చూస్తే ఫ్లాస్కుల్లో బాక్టీరియా ఉంది, పీహెచ్ పడిపోయింది, ద్రవంలో లాక్టేట్ పేరుకుంది, వాలీన్ దాదాపు లేదు. గాలి ఆగగానే ఆ కణాలు, పేరుకుపోయిన ఎన్ఏడీహెచ్‌ను వదిలించుకోవడానికి పైరువేట్‌ను లాక్టేట్‌గా మార్చేశాయి. వారం రోజుల పని పోయింది, కానీ ఆ బ్యాచ్ విద్యార్థులకు లాక్టేట్ డీహైడ్రోజినేజ్‌ను ఎందుకు తొలగిస్తారో ఆ ఉదయమే పూర్తిగా బోధపడింది.

రెండవ సమస్య వేడి. కొరినీబాక్టీరియంకు 30 డిగ్రీల చుట్టుపక్కల ఉష్ణోగ్రత అనుకూలం. పెరిగే బాక్టీరియా తనంతట తాను వేడి పుట్టిస్తుంది, మే నెలలో మన దగ్గర శీతలీకరణ నీరే 30 డిగ్రీలకు దగ్గరగా ఉంటుంది. చల్లబరచడానికి అయ్యే కరెంటు ఖర్చును చలిదేశాల లెక్కలు చూసి అంచనా వేయకూడదు. మూడవది కల్తీ: బాక్టీరియాను చంపే వైరస్ అయిన బాక్టీరియోఫేజ్ ఒక్కటి చొరబడితే ట్యాంకంతా గంటల్లో పలుచబడిపోతుంది. పీహెచ్‌ను 7 దాటి కొద్దిగా ఉంచడానికి అమ్మోనియా నీటిని చుక్కలుగా వదులుతారు, అదే వాలీన్‌కు నత్రజని కూడా అందిస్తుంది.

ద్రవం నుంచి తెల్లని పొడి ఎలా వస్తుంది?

కణాలను సెంట్రిఫ్యూజ్‌తో గానీ పొరల వడపోతతో గానీ తీసివేసి, అయాన్ మార్పిడి రెజిన్ గుండా పంపి, బొగ్గుపొడితో రంగు తీసి, చిక్కబరచి, పీహెచ్ 6 దగ్గర స్ఫటికాలుగా దింపుతారు. ఆ పీహెచ్ వద్ద వాలీన్ మీద నికర విద్యుదావేశం ఉండదు కనుక నీటిలో తక్కువగా కరుగుతుంది.

లూసీన్, ఐసోలూసీన్ కూడా ఇలాగే చేస్తారా?

దారి చాలావరకు ఉమ్మడిదే, కానీ తాళాలు వేరు. లూసీన్‌కు కీటోఐసోవాలరేట్ దగ్గర ఎసిటైల్ కోఎంజైము-ఎ చేరాలి, కనుక వాలీన్ కోసం మూసిన పైరువేట్ డీహైడ్రోజినేజ్‌ను ఇక్కడ మూయకూడదు. విప్పవలసిన తాళం ఐసోప్రొపైల్‌మాలేట్ సింథేజ్, దానిని లూసీన్ నిరోధిస్తుంది. లూసీన్ 25 డిగ్రీల వద్ద లీటరు నీటికి సుమారు 24 గ్రాములే కరుగుతుంది కనుక, ఎక్కువగా పండితే ట్యాంకులోనే స్ఫటికాలు తేలతాయి. ఐసోలూసీన్ థ్రియోనిన్ నుంచి మొదలవుతుంది, అంటే ముందు థ్రియోనిన్ బాగా చేసే బాక్టీరియా కావాలి. మూడింటిలో అది అన్నిటికంటే పొడవైన దారి.

జన్యువులు మార్చిన బాక్టీరియా మన కాలువల్లోకి వస్తే?

ఈ భయాన్ని తేలికగా తీసిపారేయను. తుది పొడిలో కణాలు ఉండవు, అది మొక్కలోని వాలీన్‌తో అణువు అణువుకూ సమానం. కానీ కర్మాగారం నుంచి బయటికి వచ్చే కణాలను ముందుగా వేడితో చంపాలి. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989లో వచ్చిన నియమాల ప్రకారం ఇలాంటి పనికి సంస్థాగత జీవభద్రతా సంఘం, జన్యు మార్పిడి సమీక్షా సంఘం, అవసరమైతే జెనెటిక్ ఇంజనీరింగ్ అప్రైజల్ కమిటీ అనుమతులుండాలి. కొన్ని జన్యువులు తొలగించిన ఈ రకాలకు ఐసోలూసీన్, విటమిన్ వంటివి మనం పోస్తే గాని పెరుగుదల లేదు, కాలువలో ప్రకృతి సిద్ధమైన బాక్టీరియాతో పోటీపడి నిలవడం వాటికి కష్టం.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది వ్యర్థజలం. స్ఫటికాలు తీసిన తర్వాత మిగిలే ద్రవంలో అమ్మోనియా లవణాలు, చక్కెర మిగులు ఉంటాయి. శుద్ధి చేయకుండా డ్రెయిన్‌లోకి వదిలితే దిగువన చేపలకు ప్రాణవాయువు మిగలదు. డెల్టాలో ప్రతి డ్రెయిన్‌కూ దిగువన ఎవరిదో ఒకరి చెరువు ఉంటుంది.

వ్యాయామం చేసేవారు కొనే కొమ్మల గొలుసు అమైనో ఆమ్లాల పొడులు అవసరమా?

పెద్దవారికి రోజుకు కిలో శరీర బరువుకు లూసీన్ 39, వాలీన్ 26, ఐసోలూసీన్ 20 మిల్లీగ్రాములు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల సంఘం 2007లో చెప్పింది. 60 కిలోల మనిషికి వాలీన్ ఒకటిన్నర గ్రాముల పైచిలుకు. పప్పు, పెరుగు, చేప తినే ఇంట్లో అది తేలికగా అందుతుంది. మేపుల్ సిరప్ యూరిన్ వ్యాధి (ఈ మూడింటినీ శరీరం విరగ్గొట్టలేని పుట్టుకతో వచ్చే లోపం) ఉన్న పిల్లలకు ఈ మూడూ ప్రమాదకరం కనుక వారి ఆహారం పూర్తిగా వైద్యుల పర్యవేక్షణలోనే సాగాలి.

మా కళాశాల ప్రయోగశాలలో ఏదైనా చేసి చూడగలమా?

చేయగలరు. చండీగఢ్‌లోని సూక్ష్మజీవుల సేకరణ కేంద్రం నుంచి కళాశాల తరఫున మార్పులు చేయని కొరినీబాక్టీరియంను తెప్పించుకోవచ్చు. నూకల ద్రవం మీద, బెల్లం నీటి మీద, గ్లూకోజు మీద విడివిడిగా పెంచి, పెరుగుదలను పోల్చండి. ద్రవాన్ని పలుచని పొర క్రొమాటోగ్రఫీ పలక మీద బ్యూటనాల్, ఎసిటిక్ ఆమ్లం, నీరు కలిపిన ద్రావణంలో నడిపి, నిన్‌హైడ్రిన్ చల్లి వేడిచేస్తే ఊదారంగు మచ్చలు వస్తాయి. గ్లుటామేట్ మచ్చ, అలనైన్ మచ్చ కనిపించవచ్చు. వాలీన్ మచ్చ మాత్రం లేతగా ఉంటుంది లేదా ఉండదు, ఎందుకంటే ఆ బాక్టీరియాలో తాళాలన్నీ ఇంకా వేసే ఉన్నాయి. లూసీన్, ఐసోలూసీన్ మచ్చలు దాదాపు ఒకే ఎత్తుకు ఎక్కుతాయి కనుక వాటిని విడిగా గుర్తించడానికి తొందరపడవద్దు. పోల్చుకోవడానికి స్వచ్ఛమైన వాలీన్ ద్రావణాన్ని పక్క గీత మీద తప్పక నడపండి.